ఋషికొండనుండి భీమునిపట్టణమునకు

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు, వాడుకలో భీమిలికి, పోవుటకు లోకమెఱిగిన త్రోవలు రెండు. ఒకటి మధురవాడ, ఆనందపురము, తగరపువలసల మీదుగా జాతీయ రహదారిని పట్టుకొని పోయి, తుదకు గోస్తనీనది సరసనుండి భీమిలివైపు మరలునది. రెండవది ఎడమచేత కొండలను, కుడిచేత కడలిని ఉంచుకొని సుమారు 25 కిలోమీటర్లు సాగిపోవు బీచిరోడ్డు. మూడవది యొకటి కలదు. అది ఏ పటమునందును గీయబడినది కాదు. పసులకాపరుల పాదములయందును, జీడితోటల కావలివారి జ్ఞాపకమునందును, వలలు భుజమున వేసికొని ఒక పల్లెనుండి మఱియొక పల్లెకు పోవు జాలరుల అలవాటునందును మాత్రమే అది బ్రతికియున్నది. ఒకచోట ఇసుకమీద నడచి, ఒకచోట రాతిగుట్ట నెక్కి, ఒకచోట తుప్పలలో మాయమై, నడుమ నడుమ గత్యంతరము లేక తారురోడ్డునకు వచ్చి దాని ప్రక్కన కొంతదూరము బిక్కుబిక్కుమనుచు నడచి, అవకాశము దొరకినంతనే మరల కొండకో కడలికో పాఱిపోవు ఈ త్రోవవెంట, ఋషికొండ మొదలుకొని భీమిలివఱకు, ఒక పుష్యమాసపు ఆదివారమున నడచిన పదునెనిమిది మందిలో నేనును ఒకడను.

ఈ త్రోవను ఏకాకిగా నడవవచ్చును, నడచువారును కలరు. ఏకాంతమునందలి మహిమను నేను కాదనను. కాని ఈ తీరమును గూర్చి మాత్రము నా అభిప్రాయము వేఱు: ఇక్కడి రాయి యొకరికి తెలియును, చెట్టు ఇంకొకరికి తెలియును, చేప మఱియొకరికి తెలియును, పదిమంది కలిసిననే కాని ఈ నేల నోరు విప్పదు. పదిమంది చేరి పనిలేని నడక నడచుట సీమదొరలనుండి మనము ఎరువు తెచ్చుకొన్న వినోదమని ఆక్షేపించువారు ఆషాఢ పూర్ణిమకు ముందుదినమున సింహాచలమునకు వచ్చి చూడవలెను. కొండదిగువ తొలిమెట్టైన తొలిపావంచా యొద్ద కొబ్బరికాయ కొట్టి, అప్పన్న కొండను చుట్టి 32 కిలోమీటర్ల ప్రదక్షిణమునకై లక్షలకొలది జనము, చెప్పులులేని కాళ్ళతో, బిడ్డలను చంకనెత్తుకొని, ఎఱుగనివారితో ఎఱిగినవారివలె మాటలాడుకొనుచు, నడుమ సముద్రతీరమునకు వచ్చి మునిగి, వీథివీథిని పెట్టు పులిహోరయు మజ్జిగయు పుచ్చుకొనుచు, తెల్లవార్లు నడచుట కన్నవారికి, కొండను కడలిని ఒక్క నడకలో కలుపుట విశాఖవారికి క్రొత్తగా ఎవరును నేర్పవలసిన విద్య కాదని తెలియును. ఆ నడకకు మ్రొక్కు కలదు, మా నడకకు లేదు, భేదమంతే.

మా గుంపునకు పేరు లేదు, చందా లేదు, కార్యవర్గము లేదు. కార్తికము మొదలు మాఘమువఱకు, ఎండ చల్లబడిన ఆదివారములలో, ఫోనులమీద ఒకరికొకరు కబురంపుకొని కూడుకొందుము. తపాలా శాఖలో పనిచేసి విరమించిన పెద్దమనుష్యుడొకరు తమంతట తామే నాయకులైరి; మెడలో ఈలయు చేతిలో వెదురుకఱ్ఱయు వారి అధికారచిహ్నములు. బయలుదేరుటకు ముందు వారు మూడు శాసనములు చదివి వినిపింతురు: అందఱిలో మెల్లగా నడచువారు అందఱికన్న ముందు నడవవలెను, ఎవరి నీళ్ళు వారు మోసికొనవలెను గాని ఎవరి ఫలాహారమును వారొక్కరే తినరాదు, కొండ యెక్కునప్పుడు రాజకీయములు మాటలాడరాదు. ఈ మూడవ శాసనము ఋషికొండ యొద్దనే ఎందుకు పుట్టెనో, ఆ కొండను తొలిచిన తావును, అందు వెలసిన కట్టడములను చూచినవారికి వివరింప నక్కఱలేదు. ఎవరి యేలుబడిలో ఎవరేమి చేసిరన్న వాదము ఒకమాఱు మొదలైన యెడల భీమిలి చేరువఱకు తెగదు. ఊపిరి మాత్రము మొదటి మలుపులోనే తెగిపోవును.

మొదటి శాసనము మా నడకకు ప్రాణము. ఆ దినమున అందఱికన్న మెల్లగా నడచువారు విజయనగరమునుండి కోడలితో కూడ వచ్చిన ఒక పెద్దమ్మగారు. కోడలు వైద్యురాలు, మోకాళ్ళనొప్పులకు మందుగా అత్తగారిని ఆమె నడిపింపదలచెనో, ఆసుపత్రినుండి ఒకపూట తప్పింపదలచి అత్తగారే ఆమెను లాగుకొని వచ్చెనో తుదివఱకు తేలలేదు. డెబ్బది దాటిన ఆ పెద్దమ్మగారు నేతచీర కొంగు నడుమునకు బిగించి, కాళ్ళకు క్యాన్వాసు జోళ్ళు తొడిగికొని, తూర్పు తెల్లబడువేళకు ఋషికొండ ఇసుకలో అందఱికి ముందు నిలువగా, వెనుకనున్న పడుచువాండ్ర మొగములలో నిరాశ స్పష్టముగా కనబడెను. మొదటి గుట్ట నెక్కులోపలనే ఆ నిరాశ తొలగెను. ఏలయన ఆమె అడుగు చిన్నదే కాని ఆగునది కాదు; ఉఱికి, ఆయాసపడి, రాతిపై కూలబడి, మరల ఉఱుకువారికన్న ఆమెయే ముందు చేరుచుండెను. అంతకన్న విశేషమేమనగా, ఆమె నోరును ఆగునది కాదు.

“ఏ ఊరు నాయనా మీది?”

“చీపురుపల్లి అండీ.”

“చీపురుపల్లా! మా ఆడబడుచు తోటికోడలిది ఆ ఊరే. ఇంతకీ మీ ఇంటిపేరేవిటీ?”

ఇంటిపేరు చెప్పినవాని పని అంతటితో ముగిసెడిది. పై మలుపు చేరులోపల వాడు ఎవరి మేనల్లునికి బావమఱదియో, ఎవరి పెండ్లిలో ఎవరితో కలిసి భోజనము చేసియుండవలసినవాడో, ఆమె నిర్ధారణ చేసి ప్రకటించుచుండెను. హైదరాబాదులో సాఫ్టువేరు కొలువు చేయు దంపతులు, తామున్న అపార్టుమెంటులో ఎదురింటివారి పేరైనను తమకు తెలియదని మాటవరుసకు ఒప్పుకొనగా, ఆమె నడక ఆపి, వెనుకకు తిరిగి, వారిని ఎగాదిగ చూచి, “మరి కరివేపాకు అయిపోతే ఎవర్ని అడుగుతారమ్మా?” అని ప్రశ్నించెను. వరుసలోని పదునెనిమిది మందియు ఆ ప్రశ్నతో ఒక్కసారిగా నిలిచిపోయిరి.

సభలలో, విందులలో మనిషి తనకు నచ్చినవారి ప్రక్కను చేరును. నచ్చనివారిని తప్పించుకొని తిరుగును. కొండబాట ఆ స్వేచ్ఛ నీయదు. ఒక్కకాలికి మాత్రము చోటుగల యిఱుకుదారిలో మనకు ముందున్నవారితోను, వెనుకనున్నవారితోను తప్ప మూడవవారితో మాటలాడుటకు వీలులేదు. దాహమునకై ఆగినప్పుడెల్ల వరుస మాఱిపోవును. మాఱినప్పుడెల్ల క్రొత్త ముఖము, క్రొత్త వెన్ను మన పాలబడును. ఏటవాలులో పెద్దవాక్యములు సాగవు గనుక గొప్పలు చెప్పుకొనువారును క్లుప్తులగుదురు; దిగుడులో ఊపిరి తిరిగి వచ్చుటచే మౌనులును కబుర్లు మొదలిడుదురు. సాయంకాలమునకు ప్రతివారును ప్రతివారితోను ఒక గుట్టయంత మాటలాడి యుందురు. పరిచయమునకు ఇంతకన్న సమమైన పద్ధతిని నేనెఱుగను.

ఋషికొండ దాటినపిమ్మట తీరము క్రమముగా కొండలకు లోబడును. ఇవి తూర్పుకనుమలు సముద్రముమీదికి చాచిన కొసలు. రాయి చూచుటకు మొఱకు. గాలికి వానకు నలిగి తుప్పురంగు పట్టినది. పగిలినచోట మాత్రము లోపల గోమేదికమును పోలిన ఎఱ్ఱని గింజలు మెఱయుచుండును. మాతో వచ్చిన భూగర్భశాస్త్రోపన్యాసకులు, వీరును పదవీవిరమణ చేసినవారే, ఆ గింజలు గార్నెట్టులనియు, ఈ శిల ఖొండలైటనియు, ఒడిశా కొండలలోని ఖోండు జనులను బట్టి శాస్త్రజ్ఞులు దీనికా పేరు పెట్టిరనియు, దీని వయస్సు నూఱుకోట్ల సంవత్సరముల లెక్కలోని దనియు చెప్పుచుండగా, పెద్దమ్మగారు రాతిని చేత తడిమి, “అంటే నాకన్నా పెద్దదే” అని ముందుకు సాగెను. బాట కిరుప్రక్కల జీడిమామిడి చెట్లు, ఈత పొదలు, తంగేడు, సీతాఫలపు చెట్లు. ఇసుక మొదలైనచోట మొగలి డొంకలు. అలల యంచున ఊదాపూవుల బాలబండి తీగయు, ముట్టుకొన్నవారి వ్రేళ్ళను గ్రుచ్చు రావణాసురుని మీసములును. సముద్రము శీతకాలపు శాంతిలో నుండెను. తీరమునకు దూరముగా తెరచాపలేని మోటారుపడవలు వరుసతీరి, చూచుచున్నంతసేపు కదలక, చూపు మరల్చి తిరిగి చూచుసరికి మఱియొకచోట నుండెను.

తొట్లకొండకు కారులెక్కు ఘాటురోడ్డు కలదు. మేము దానిని విడిచి తుప్పలనడుమ ఒక ఱాళ్ళదారిని పట్టి, సముద్రమట్టమునకు సుమారు 128 మీటర్ల యెత్తుననున్న ఆ శిఖరభాగమును చేరునప్పటికి ప్రొద్దు బారెడెక్కెను. నౌకాదళమువారు స్థావరము నెలకొల్పు తలంపుతో విమానములనుండి ఈ ప్రాంతమును పరిశీలించినప్పుడు ఈ కొండమీద ఇటుకల జాడలు కనబడె ననియు, 1988 మొదలు రాష్ట్ర పురావస్తు శాఖవారు త్రవ్వకములు సాగించి ఒక మహావిహారమునే వెలికి తీసి రనియు అందఱెఱిగినదే. క్రీస్తునకు పూర్వము రెండు మూడు శతాబ్దులనుండి క్రీస్తు తరువాత రెండు మూడు శతాబ్దులవఱకు ఇచ్చట థేరవాద భిక్షువులు నివసించిరి. మహాస్తూపము, మ్రొక్కుబడి స్తూపములు, చైత్యగృహములు, వరుసలు వరుసలుగా భిక్షువుల గదులు, శాతవాహనుల సీసపు నాణెములు, రోమకుల వెండి నాణెములు బయల్పడెను. ఇవన్నియు అచ్చటి ఫలకములమీద వ్రాసియేయున్నవి; చదివి తెలిసికొనవచ్చును.

ఫలకము చెప్పనిది, పదునెనిమిది మంది కలిసి పోయిననే కాని తట్టనిది, ఒకటి కలదు. మహాస్తూపమును చూచి గుంపంతయు ఫోటోలకై చెదరిపోయినను, కొంతసేపటికి ఎవరును పిలువకయే అందఱును రెండు చోట్లకే చేరిరి: వంటశాలతో కూడిన భోజనశాల యొద్దకును, రాతిలో తొలిచిన తొట్ల యొద్దకును. కొండరాతిని దీర్ఘచతురస్రముగా తొలిచి వాననీటిని నిలువచేసికొన్న ఆ తొట్లు మొత్తము పదునొకండు. ఒకదానిలో ఇప్పటికిని నీరు నిలిచియుండెను; ఉలిదెబ్బలు ఏటవాలుగా, ఒకదాని ప్రక్క నొకటి, నీటి యంచువఱకు దిగియుండెను. నేను కూర్చుండి ఆ దెబ్బలపై వ్రేలు నడిపి చూచితిని. వ్రేలిమొన పట్టునంత గాడి. దాని చివర చిన్న గుంట, అక్కడ ఉలి ఆగి, మరల ఎత్తబడిన తావు. ఆ పనివాడు కుడిచేతివాడై యుండవలెనని తపాలా నాయకులు గాడుల వాలును బట్టి తీర్పు చెప్పిరి. నది లేదు, ఊట లేదు. ఉన్నది ఉప్పునీటి సముద్రమొక్కటి. అట్టి మోడుకొండపై ఇందఱు కలిసి బ్రతుకవలెనన్న వాన నీటిని చుక్క పోనీక పట్టుకొనుటయు, ఒక్క పొయ్యిమీద వండుకొని ఒక్క కొట్టమున తినుటయు తప్ప వేఱు మార్గము లేదు. వానకాలపు మూడు నెలలు సంచారము మాని ఒక్కచోట నుండవలెనన్నది భిక్షువుల నియమము. ఆ మూడు నెలలలో దేశదేశములు తిరిగి వచ్చినవారందఱును ఈ కొట్టములో వరుసగా కూర్చుండి, భిక్షాపాత్రలు ముందుంచుకొని, తాము చూచిన త్రోవలను గూర్చి ఏమియు మాటలాడుకొనకుండి రని నేను నమ్మజాలను. ధర్మము మౌనమును బోధించుగాక. క్రింద సముద్రముమీద రోము వెండిని తెచ్చు వర్తకుల ఓడలు పోవుచుండగా, పైని ఇందఱు మనుష్యులు కబుర్లు లేక యుందురా?

మేమును ఆ కొట్టమునకు దాపున, శిథిలములకు తగులకుండ, ఒక చెట్టునీడను చేరి ఫలాహారమును విప్పితిమి. రెండవ శాసనము ప్రకారము పొట్లములన్నియు నడుమకు వచ్చెను. ఉప్మాయు, చపాతీలును, ఉడికించిన తేగలును, ఎవరో అనకాపల్లి బెల్లముతో చేసి తెచ్చిన నువ్వుండలును పదునెనిమిది చేతులు మాఱినవి.

కొండ దిగి మంగమారిపేట చేరితిమి. అచ్చట తీరమున, అలలు లోపలినుండి తొలిచిన రాతితోరణమొకటి నీటి యంచున నిలిచియున్నది. దానిక్రింద నిలిచి ఫోటో తీయించుకొనని వారు విశాఖలో అరుదు. మేమును ఆ అరుదైనవారిలో చేరలేదు. నేను చెప్పదలచినది ఆ తోరణమును గూర్చి కాదు. ఋషికొండనుండి ఉఱుకుచు వచ్చిన చీపురుపల్లి కుఱ్ఱవాని క్రొత్త బూటు అడుగు, తొట్లకొండ దిగునప్పుడే నోరు తెఱచి, ఊరు చేరునప్పటికి పూర్తిగా వ్రేలాడజొచ్చెను. ఖరీదు వినిన పెద్దమ్మగారు గుండెమీద చేయి వేసికొనెను. పడవ నీడలో కూర్చుండి చినిగిన వలను బాగుచేయుచున్న ఒక ముసలి జాలరి మా గుంపును చాలసేపు చూచి, చేయిసాచి ఆ బూటును అడిగి పుచ్చుకొనెను. నోట కఱచిపట్టిన నైలాను దారమును సూదికి చుట్టి, బూటు అంచునకు ఇనుప మేకుతో రంధ్రములు వేసి, వలకు వేయు ముడినే వరుసగా వేయుచు, ప్రతి ముడిని పండ్లతో బిగించి, మడమనుండి మొనవఱకు కుట్టి, అడుగును రెండుచేతుల విఱిచిచూచి తిరిగి యిచ్చెను. పని చేయుచున్నంతసేపు అతడడిగిన ప్రశ్న యొక్కటే.

“బస్సుల్లేవేటి బాబూ, ఇలాగ నడిసెల్తన్నారు?”

దానికి మాలో విద్యావంతులైన వారెవరును తృప్తికరముగా సమాధానము చెప్పలేకపోయిరి. వ్యాయామమని ఒకరు, ప్రకృతియని ఒకరు ఏదో గొణిగిరి. పెద్దమ్మగారే ముందుకు వచ్చి, “బస్సులున్నాయి నాయనా, కాళ్ళు కూడా ఉన్నాయిగా!” అనెను. అతడు నవ్వి, “అదీ నిజవే” అని వల అందుకొనెను. డబ్బు తీయబోయిన కుఱ్ఱవానిని కసరి పంపివేసెను. ఆ కుట్టు భీమిలివఱకు చెక్కుచెదరలేదని ఇక్కడనే చెప్పివేయుట న్యాయము.

ఊరి చివర సరుగుడు తోపులో మధ్యాహ్నభోజనము. పులిహోర, దద్ధ్యోదనము, మాగాయ, మాడుగుల హల్వా. పల్లెలో ఎఱిగినవారిల్లున్న ఒక మిత్రుడు వేడివేడి కోనెం వేపుడు తెప్పింపగా గుంపు రెండు పంక్తులై, శాకాహారులు గాలి వచ్చు దిక్కునకు జరిగి కూర్చుండిరి. పెద్దమ్మగారు ఆ దిక్కున కూర్చుండియే, చేపకు మసాలా పట్టించు విధానమంతయు ఆ మిత్రుని అడిగి తెలిసికొనెను. తినని దాని పాకము తెలిసికొననేల యని కోడలు నవ్వగా, “తెలిస్తే తప్పేవిటే?” అని ఆమె సమాధానము.

భోజనానంతరము ఇసుకమీద మెల్లగా సాగుచుండగా ఉపన్యాసకులు జేబునుండి ఒక అయస్కాంతపు ముక్కను తీసి, దానికి పలుచని కాగితము చుట్టి, అలలు విడిచిన చారలపై రాచిరి. ఈ తీరపు ఇసుక ఒక్క వన్నెది కాదు. లేతపసుపు ఇసుకపై నల్లని చారలును, లేత ఎఱుపు చారలును అలల అంచునుబట్టి సాగియుండును. నలుపు ఇనుముతో కూడిన బరువు ఖనిజములది, ఎఱుపు గార్నెట్టులది. తెల్లవాఱి కొండరాతిలో మేము చూచిన గింజలే వానకు రాలి, గెడ్డలలో కొట్టుకొని, సముద్రము జల్లించి పెట్టగా ఇచ్చట పరచుకొన్నవి. కాగితముపై నల్లని రేణువులు నిక్కబొడిచి నిలిచెను. అయస్కాంతమును త్రిప్పగా అవియు తిరిగెను. కొండనుండి కడలివఱకు ఒక గింజ చేసిన ప్రయాణమును మేము ఒక పూటలో, ఆ గింజ త్రోవనే, నడచితిమన్నమాట.

ఇటుపై కొంతదూరమును గూర్చి చెప్పవలసినది తక్కువ, సణుగవలసినది ఎక్కువ. అప్పటికే వెనుకబడిన తిమ్మాపురము లోపలిప్రక్కనున్న బావికొండను, అదియు వాననీటి బావులుగల బౌద్ధక్షేత్రమే, దూరమునుండి చూచి నమస్కరించితిమి. దానికి వేఱొక ఆదివారము కావలెను. ఆ తరువాత ప్రహరీలు. రిసార్టుల గోడలు, తోటల కంచెలు, నౌకాదళమువారి సరిహద్దు. దేశరక్షణకు గోడ కావలసినదే, దానిని ప్రశ్నింపను. కాని వారాంతపు విలాసమునకు కట్టిన గోడలు ఇసుకవఱకు దిగి, తరతరములుగా జాలరులు నడచిన త్రోవను త్రుంచి, కాలినడకవారిని వేగముగా పోవు కారుల అంచునకు నెట్టుచున్నవి. మా నాయకులు ఈల యూది అందఱను ఒక్కవరుసలో ఎడమ అంచున నిలిపిరి. మాటలాగిపోయెను. రోడ్డు ప్రక్కను ఎవరును ఎవరితోను మాటలాడలేరు. ఇంజను మ్రోతలో మాట వినబడదు, వినబడినను మనస్సు వెనుకవచ్చు వాహనముమీదనే యుండును. ఆ దినమంతటిలో మేము పదునెనిమిది మంది అపరిచితులవలె నడచినది ఆ కొంచెముదూరమే.

ఎఱ్ఱమట్టి దిబ్బలు చేరి ఊపిరి పీల్చుకొంటిమి. రోడ్డునుండి నూఱడుగులు లోపలికి దిగినంతనే సముద్రపు మ్రోత అణగిపోవును. ఇరుప్రక్కల నిలువుగా, మనిషికి రెండు మూడింతల యెత్తున, కుంకుమరంగు గోడలు లేచును. వాటినడుమ ఎండిన గెడ్డ మెలికలు తిరుగుచు లోలోపలికి తీసికొనిపోవును. గోడలు రాయి కావు, మట్టియును కావు. చేయి ఆనించిన నేమో గట్టిదనము, గోటితో గీచిన నేమో పొడి. జీడిచెట్ల వ్రేళ్ళు పైనుండి గాలిలో వ్రేలాడుచున్నవి; ఏ వానకో కాళ్ళక్రింది నేల జాఱిపోగా వ్రేళ్ళతోడనే పట్టుకొని నిలిచిన చెట్లవి. హిమయుగమున సముద్రము ఇప్పటికన్న బహుదూరము వెనుకకు తగ్గి, అడుగునేల బయటబడి ఎండగా, గాలి ఆ ఇసుకను తీరమునకు మోసి దిబ్బలుగా పోసెననియు, వేలకొలది వర్షర్తువులు అందలి ఇనుపఖనిజములను కరగించి గింజగింజకు ఎఱుపు పూసెననియు, ఆ వానలే మరల వీనిని కోసి గెడ్డలు చేసెననియు ఉపన్యాసకులు వివరించిరి. దక్షిణాసియా ఉష్ణమండల తీరములలో ఇట్టివి మఱి తమిళనాటి తేరి ఇసుకలును, సింహళమునందు కొన్నియును తప్ప అంతగా లేవట. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భౌమవారసత్వ స్థలముగా గుర్తించెను. 2025 లో యునెస్కో తాత్కాలిక జాబితాలో, తిరుమల కొండలతోపాటు, దీని పేరును చేరెను.

పేరు జాబితాలో చేరుట సంతోషమే. కాని ఆ సాయంకాలము ఏ గోడను చూచినను పైనుండి క్రిందివఱకు నున్నగా అరిగిన జారుడు చాళ్ళు. మేము చూచుచుండగనే ఒక కుటుంబములోని పిల్లలు, పిల్లల వెనుక పెద్దలు, కేరింతలు కొట్టుచు జాఱిరి. వారితో కూడ ఒక బుట్టెడు ఎఱ్ఱయిసుక గెడ్డలోనికి రాలెను. వారు చెడ్డవారు కారు. ఆనందముగా నున్న మంచివారు. చెప్పువారు లేరు, అంతే. నాయకులు ఈల యూదిరి. పిల్లలు పోలీసులనుకొని నిలిచిరి. పెద్దమ్మగారు గెడ్డలో వారియొద్దకు నడచి, ఆ చాలును, ఆ రాలిన ఇసుకను, పైన వ్రేలాడు వ్రేళ్ళను చూపి ఏమేమో చెప్పెను, మాకు వినబడలేదు. చివరకు ఆ తల్లి “ఏ ఊరండీ మీది?” అని అడుగుటయు, పెద్దమ్మగారు సంబరముగా చెట్టుక్రింద కూలబడుటయు మాత్రము మేము చూచితిమి. పావుగంట ఆలస్యమైనది. మఱి జాఱినవారు లేరు.

భీమునిపట్టణమున ప్రవేశించునప్పటికి దీపములు పెట్టు వేళ. పావురాలకొండ, దానినే నరసింహస్వామి కొండయనియు అందురు, పడమటి వెలుగునకు అడ్డముగా నిలిచియుండెను. బకాసురుని చంపిన భీముడు అచ్చట నరసింహుని ప్రతిష్ఠించెనని స్థానికుల కథ. ఆ కొండమీదను బౌద్ధుల నీటితొట్లు కలవు. ఎక్కువారు లేకపోయిరి. ఒలందా వర్తకులు పదునేడవ శతాబ్దిలో వచ్చి, కోఠీ కట్టి, 1825 లో దీనిని ఇంగ్లీషువారికి అప్పగించి పోయిన యూరిది. 1861 నాటికే పురపాలక సంఘము కలిగిన యూరిది. ఆ పూర్వవైభవమునకు సాక్ష్యముగా ఒలందావారి గోరీలు మిగిలినవి; అంత దూరము వచ్చి ఇక్కడనే ఆగిపోయినవారి పేర్లు నల్లని పలకలపై చెక్కియున్నవి. గోస్తనీ యనంతగిరి కొండలలో పుట్టి, బొఱ్ఱా గుహలను దాటి, ఇక్కడ సముద్రములో కలియును. సంగమపు ఒడ్డున మిరపకాయ బజ్జీలు తినుచు, ఒకరి ఫోను నంబరులు ఒకరు వ్రాసికొనుచు, మేము బస్సునకై నిలిచితిమి. హైదరాబాదు దంపతులు పెద్దమ్మగారిని విజయనగరమునకు తమ కారులో దింపుదుమని పట్టుబట్టిరి. ఆమె ఒప్పుకొని, చీపురుపల్లి కుఱ్ఱవానిని కూడ ఎక్కించుకొనవలెనని షరతు పెట్టెను.

ఈ మూడవ త్రోవకు సిమెంటు అక్కఱలేదు, రైలింగులు అక్కఱలేదు, ప్రవేశరుసుము అంతకన్న అక్కఱలేదు. కావలసినది, ఋషికొండనుండి భీమిలివఱకు గోడలకును అలలకును నడుమ రెండు బారల నేల ఎవరిదియు కాక అందఱిదియు కావలెనన్న ఒక్క నిబంధన. దారితప్పు తావులలో రాళ్ళపై సున్నముతో గీచిన బాణపు గుర్తులు. దిబ్బలయొద్ద జాఱువారికి నచ్చజెప్పు మనిషి. ఇందులో ఖర్చునకు వెనుదీయవలసినది ఏదియు లేదు. నగరాభివృద్ధిని గూర్చి పెద్దపెద్ద పటములు గీయువారు, ఈ చిన్న గీతను కూడ వాటిలో గీయుదురుగాక.

చదువరులలో నడవదలచినవారు కార్తికమునకు మాఘమునకు నడుమ రావలెను. తక్కిన నెలలలో ఈ ఱాళ్ళ వేడిమికి ఎవరును ఆగజాలరు. మనిషికి రెండు లీటర్ల నీరు తెచ్చుకొనుడు. దిబ్బలలో గెడ్డల అడుగుననే నడువుడు. తెచ్చిన సంచులు, సీసాలు తిరిగి తీసికొనిపొండు. వీలైనంతవఱకు ఒంటరిగా రాక, తెలిసినవారిని పదిమందిని, తెలియనివారిని నలుగురిని కూడగట్టుకొని, మీలో పెద్దవారెవరో వారిని ముందు నిలిపి నడువుడు. విశాఖపట్టణము రైల్వేస్టేషనునుండి భీమిలికి పోవు 900 కె బస్సు ఋషికొండ మీదుగానే వెళ్ళును.